నీకేమవుతాడు?

2025 జనవరి 21, మంగళవారం, సాయంత్రం నాలుగూ నలభై. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే పోలీసులు అడిగారు, లేబర్ ఆఫీసులో అడిగారు, డాక్టరమ్మ అడిగారు. చెప్పీ చెప్పీ నోటికి వచ్చేసింది. సంక్రాంతికి ఊళ్లకు పోయిన హమాలీలు ఇంకా సగం మంది తిరిగి రాలేదు. లారీ మాత్రం పొద్దున్నుంచి లోడు కోసం నిలబడి ఉంది.

నేను తాడిపత్రిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో గుమస్తాను. పదకొండేళ్లుగా అదే పని. లోడింగ్ అప్పుడు ఒకరు టేపు పట్టి స్లాబు కొలతలు అరుస్తారు, నేను పుస్తకంలో రాసుకుంటాను. ముందు పొడవు, తర్వాత ఎత్తు, అంగుళాల్లో. టేపు పట్టేది మామ. సొంత మామ కాదు. వాళ్లు సాయిబులు. మా సీమలో ఇట్లాంటి వరసలు మామూలే. నేను పనిలో చేరిన రోజు "ఏం అల్లుడా, టీ తాగితివా" అని పలకరించాడు, అంతే, అప్పట్నుంచి మామ. రంజాన్‌కు వాళ్లింటి నుంచి స్టీలు బాక్సులో షీర్ ఖుర్మా వస్తుంది, ఉగాదికి అదే బాక్సులో మా ఇంటి నుంచి ఓళిగలు పోతాయి.

స్లాబుల్ని ఇనప స్టాండుకు రెండు వైపులా ఆనించి నిలబెడతారు. తీసేటప్పుడు రెండు వైపుల నుంచీ సమంగా తీసుకుంటూ రావాలి, లేకపోతే బరువు ఒక్క పక్కకే ఉండిపోతుంది. ఇది ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. ఆ రోజు లారీ ఒక పక్కన ఉంది, మనుషులు తక్కువ, కాబట్టి ఆ పక్కవే తీస్తూ పోయారు. మామ అవతలి పక్క నిలబడి, తర్వాత ఎక్కించాల్సిన వాటిని కొలుస్తున్నాడు. కట్టర్ మోతలో ఒక ఎత్తు నాకు సరిగా వినపడలేదు. "మామా, ఎత్తు మళ్లీ చూడు" అన్నాను.

స్టాండు అవతలి పక్కకు ఒరిగిపోయింది.

తొమ్మిదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, 18 ఎంఎం మందం ఉన్న స్లాబు ఒక్కోటీ 120 కిలోలు తూగుతుంది. అటువైపు ఇరవైకి పైగా ఉన్నాయి. ఇంతకు మించి రాయను. శబ్దం గురించి మాత్రం రాయాలి, నెలల తరబడి నన్ను పట్టి పీడించింది అదే. రాయి పగిలితే వచ్చే మోత అది కాదు. పేకముక్కలు వరసగా పడ్డట్టు టపటపటపటపా అని, చివర్లో ఒక్కటి గట్టిగా. తర్వాత ఎవరో కట్టర్ ఆపేశారు. ఆ ఫ్యాక్టరీలో పగటిపూట అంత నిశ్శబ్దం అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు.

క్రేన్‌తో ఎత్తేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆసుపత్రిలో చూసి, అయిపోయిందని చెప్పారు. ఆ రాత్రే పోస్టుమార్టం కాదు, రేపు పొద్దున అన్నారు. వరండాలో నిలబడ్డ నన్ను ఒక పోలీసాయన "నువ్వేమవుతావయ్యా ఆయనకు?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక "గుమస్తాను" అన్నాను. "బంధువులు కాకపోతే పక్కకు జరగండి" అన్నాడు. తప్పేం కాదు, ఆయన పని ఆయన చేశాడు. కానీ ఆ మాట ముల్లులా దిగింది.

రాత్రి పదకొండున్నరకు ఇంటికొచ్చాను. చొక్కా విప్పమంటే విప్పలేకపోతున్నాను. ఎందుకా అని చూస్తే కుడిచేతిలో ఇంకా పెన్ను పట్టుకునే ఉన్నాను. వేళ్లు విడదీసింది నా భార్య.

మర్నాడు స్టేషన్‌లో వాంగ్మూలం ఇచ్చాను. అలాంటి పరిస్థితి వస్తే ఒక సంగతి తెలిసుండడం మంచిది. మనం చెప్పింది పోలీసులు రాసుకుంటారు, దాని మీద మన సంతకం తీసుకోరు. చట్టమే అట్లా ఉంది. పంచనామా మీద సంతకాలు వేరే, అవి పంచులు, అంటే దానికి పిలిచిన సాక్షులు, పెడతారు. నాకది తెలియక, సంతకం వద్దన్నారంటే నేను చెప్పింది నమ్మలేదేమో అని రెండు రోజులు కుమిలిపోయాను. నమ్మకపోవడానికి నా లోపల కారణం ఉంది. "నేను లెక్క రాసుకుంటున్నాను, స్టాండు ఒరిగింది" అని మాత్రమే చెప్పాను. "మళ్లీ చూడు" అన్న మాట చెప్పలేదు. అబద్ధమేమీ ఆడలేదు, ఆ ఒక్కటి మింగేశాను.

ఆ సాయంత్రం ఖబరస్తాన్ గేటు బయటే నిలబడ్డాను. ఇంటికొస్తే అమ్మ వాకిట్లోనే నీళ్లు పెట్టింది, స్నానం చేసి లోపలికి రమ్మంది. అన్నం పెడుతూ "మనకు మైల లేదులే నాయనా, పరాయివాళ్లే గదా" అంది. ఊరడించడానికే అన్నది పాపం. నాకేమో పదకొండు రోజులు మైల ఉంటే బాగుండనిపించింది. గడ్డం గీసుకోకుండా, గడప దాటకుండా ఒక మూల కూర్చోవడానికి ఒక లెక్క దొరికేది.

మూడో రోజు ఫోన్లో వీడియో వచ్చింది. ఫ్యాక్టరీ సీసీ కెమెరాది. ఎవరు తీశారో, ఎవరు పంపారో తెలీదు. నేను డిలీట్ చేశాక హైదరాబాద్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు "ఇది మీ ఊర్లోనేనా" అని మళ్లీ పంపాడు. అందులో స్టాండుకు ఇటువైపు పుస్తకం పట్టుకుని నిలబడ్డది నేనేనని వాడు గుర్తుపట్టలేదు. మొత్తం మీద ఆ వీడియో నాకు నాలుగుసార్లు వచ్చింది. వాట్సాప్‌లో వీడియోలు వాటంతట అవే డౌన్‌లోడ్ కాకుండా సెట్టింగ్ మార్చింది మా పిల్లోడు. అంతకుముందు ఆ పని చేయొచ్చని నాకు తెలీదు.

నిద్ర కరువైంది. కళ్లు మూస్తే టపటపా. పక్కింటి ఆర్‌ఎంపీ నిద్రమాత్ర ఇచ్చాడు, సగం బిళ్ల వేసుకోమని. వారం తిరిగేసరికి ఆ సగం కాస్తా ఒకటయింది. బావమరిది ఒక రాత్రి క్వార్టర్ తెచ్చి "ఇది పోస్తే అంతా పోతాది బావా" అన్నాడు. పోలేదు. తెల్లారుజామున మూడు గంటలకు రెట్టింపై తిరిగొచ్చింది. అమ్మ గాలి సోకిందంది. దిష్టి తీయించింది, దర్గాలో అంత్రం కట్టించింది, కసాపురం తీసుకుపోయి ఆంజనేయస్వామి గుళ్లో ఒక రాత్రి నిద్ర చేయించింది. వీటన్నిటికీ కలిపి రెండు వేల దాకా అయింది. వీటిని ఎగతాళి చేయను. కసాపురంలో ఆ రాత్రి నా పక్కన పడుకున్న ముసలాయన, మనవడు బావిలో పడితే తీసింది తనేనని, ఆరేళ్లయినా చేతులు చల్లగానే ఉంటాయని చెప్పాడు. నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఫిబ్రవరి 3న పనికి పోయాను. అక్కడ కడిగేసి ఉంది, వేరే స్టాండు పెట్టారు. నేను రాని రోజుల్లో ఏడింటికి జీతం ఇచ్చారు, మిగతావి కోశారు. కొత్తగా టేపు పట్టిన కుర్రోడు "తొంభై ఆరు, ముప్పై ఆరు" అని అరిచాడు. చెయ్యి కదల్లేదు. వాడు మళ్లీ అరిచాడు. తడిసిన రాతిపొడి వాసన, పదకొండేళ్లుగా ముక్కుకు తెలియనిది, ఆ రోజు కడుపులో దేవింది. బాత్రూంలోకి పోయి వాంతి చేసుకున్నాను. మేనేజర్ని బతిమాలి ఆఫీసులో బిల్లుల పనికి మారాను. "ఆడపిల్లలా ఏందప్పా" అన్నాడాయన.

ఫిబ్రవరి 18 రాత్రి వంటింట్లో మా చిన్నోడు స్టీలు పళ్లాల దొంతర లాగాడు. అవి వరసగా జారి పడ్డాయి. నాకు తెలిసేసరికి వాణ్ని కొట్టేసున్నాను. ఎనిమిదేళ్ల పిల్లోడు. వాడు ఏడవలేదు, నా మొహం చూసి వెనక్కి వెనక్కి జరిగాడు. అదే నన్ను కదిలించింది.

రాత్రి ఒకటిన్నరకు మిద్దె మీదికెక్కి 14416కు ఫోన్ చేశాను. టెలీమానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులేమీ పడవు, రాత్రీ పగలూ ఉంటుంది. ఆ నంబరు నాకు ఎక్కడిదంటే, పిల్లోడి బడి గోడ మీద ఉన్న పోస్టరుది. తెలుగు ఎంచుకున్నాక ఒకమ్మాయి మాట్లాడింది. మొదటి నిమిషం ఏం మాట్లాడాలో తెలియక "రాంగ్ నంబరేమో" అన్నాను. "పర్లేదు సార్, చెప్పండి" అంది. ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగింది. అట్లా అడుగుతారని అనుకోలేదు. లేదని చెప్పాక, ఆ ప్రశ్న అడిగే మనిషి ఒకరున్నందుకు గుండె కాస్త కుదుటపడింది. నిద్రమాత్ర, మందు కలిపి తీసుకోవద్దని గట్టిగా చెప్పి, ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి పొమ్మంది.

ఫిబ్రవరి 24, సోమవారం. పొద్దున ఆరు గంటల బస్సుకు అనంతపురం పోయాను. ఎనిమిదిన్నరకు ఓపీ చీటీ తీసుకుంటే లోపలికి పిలిచేసరికి పదకొండూ యాభై. సోమవారం రద్దీ ఎక్కువ. ఇంకెవరైనా పోతే వారం మధ్యలో పొండి. ఆ మూడు గంటలూ నా టెన్షనంతా, తాడిపత్రి వాళ్లెవరైనా చూస్తారేమోనని. చూశారు కూడా. మా వీధిలో కిరాణా కొట్టాయన, వాళ్లమ్మను తెచ్చాడు. ఇద్దరం తలాడించుకుని చెరో పక్కకు తిరిగి కూర్చున్నాం.

డాక్టరమ్మ కూడా అదే అడిగారు. "ఆయన మీకేమవుతారు?" "మామ" అన్నాను ఈసారి. "మేనమామా?" "కాదు మేడం, పిలుపు." "సరే, కళ్లారా చూసింది మీరు" అని రాసుకున్నారు. నేను అంతసేపూ తలుపు వైపే చూస్తున్నానని, పక్క గదిలో ట్రాలీ కదిలితే ఉలిక్కిపడ్డానని ఆవిడే నాకు చెప్పారు. ఇట్లాంటివి చూసిన మొదటి వారాల్లో ఇవన్నీ చాలామందికి వస్తాయని, నెల దాటినా తగ్గకపోతే దాన్ని పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూశాక మనసును వదలని జబ్బు, అంటారని చెప్పారు. సెర్ట్రలిన్ అనే మాత్ర 25 ఎంజీది ఒక వారం, తర్వాత 50. నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపొద్దు, కొంచెం కొంచెం తగ్గించాలి. మందులు అక్కడే ఉచితంగా ఇచ్చారు. ఆ రోజు నాకైన ఖర్చు బస్సు, టిఫిను కలిపి మూడొందల లోపే.

మొదటి వారం నరకం. కడుపులో తిప్పడం, నోరు ఎండిపోవడం, ఉన్న భయం ఇంకాస్త పెరిగినట్టు అనిపించడం. ఈ మాత్ర పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పారు గానీ, ఇబ్బంది ముందొచ్చి మేలు తర్వాత వస్తుందన్నది నా బుర్రకు అప్పుడు ఎక్కలేదు. మార్చి 10న మళ్లీ పోయినప్పుడు చెప్తే, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. అంతే తేడా, కడుపు సర్దుకుంది.

ఈ మధ్యలో మార్చి 1న మామ నలభయ్యో రోజు. పిలుపొచ్చింది. వాళ్ల సందు మొదటి దాకా పోయి, షామియానా కనపడగానే బండి తిప్పుకుని వచ్చేశాను. మర్నాటి నుంచి రంజాన్ నెల.

మాత్రలతో పాటు సైకాలజిస్టు దగ్గర కూర్చోవాలన్నారు. తెలిసినవాళ్ల ద్వారా అనంతపురంలోనే ఒక మేడం దగ్గర మార్చి 12న మొదలుపెట్టాను. ప్రతి బుధవారం, ఒక్కోసారికి 700 రూపాయలు, మొత్తం తొమ్మిది సార్లు. నేననుకున్నది ధైర్యం చెబుతారని. ఆవిడ ధైర్యం చెప్పలేదు. కళ్లు మూసుకుని, ఆ సాయంత్రం ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమన్నారు. "ఒరిగింది" అంటే "ఒరుగుతోంది అనండి" అని దిద్దేవారు. ఒకసారి చెప్పాక మళ్లీ మొదట్నుంచి. భయం వందకు ఎంత అని మధ్యమధ్యలో అడిగేవారు. తొంభై, తొంభై అయిదు. చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేసి, ఇంట్లో రోజూ వినమన్నారు. మిద్దె మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదటి రోజు రెండు నిమిషాలు విన్నాను, రెండో రోజు అసలు ఎక్కలేదు. డబ్బులిచ్చి మరీ ఈ బాధ ఎందుకని రెండో వారమే మానేద్దామనుకున్నాను. నా భార్య బస్సు దాకా వచ్చి ఎక్కించింది.

ఈసారి ఉగాది ఆదివారం, రంజాన్ సోమవారం, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఉగాది రోజు మా ఆవిడ ఓళిగలు చేసి, అలవాటుగా అరలోంచి మామ వాళ్ల బాక్సు తీసింది. పోయిన రంజాన్‌కు వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది అది. మూత లోపల గోరుతో గీసిన వాళ్లింటి గుర్తు. జనవరి నుంచి నాకు కంట్లోంచి నీళ్లు రాలేదు. ఆ మూత చేతిలో పట్టుకుని వంటింట్లో కింద కూర్చుండిపోయాను.

ఏప్రిల్ 2న, నాలుగో బుధవారం, మింగిన మాట కక్కేశాను. "ఎత్తు మళ్లీ చూడు అన్నాను మేడం. నేను అనకపోతే పక్కకు వచ్చేసేవాడు." నీ తప్పు కాదు అంటారని కాచుకుని ఉన్నాను. ఆవిడ "ఆ మాట అన్నాక మీరు పుస్తకంలో ఏం రాశారు?" అన్నారు. గుర్తు లేదు. ఎంత లాగినా ఆ మాట, వెంటనే ఆ శబ్దం. మధ్యలో ఏమీ లేదు. పుస్తకం పోలీసుల దగ్గరుంది. కానీ ఆ సాయంత్రం ఓనరు చెప్తే పేజీకి ఫోటో తీసి పంపాను, అది ఫోన్లోనే ఉంది. రెండు నెలలకు పైగా ఆ తేదీ దాకా గ్యాలరీ జరపలేదు. మరుసటి వారం ఆవిడ ముందే తెరిచాను.

31వ నంబరు స్లాబు దగ్గర ఎత్తు 36 కొట్టేసి, పక్కన 36½ అని ఉంది. నా రాతే. అంటే మామ మళ్లీ చూసి చెప్పాడు, నేను దిద్దుకున్నాను. దాని కింద 32 ఉంది, పొడవూ ఎత్తూ. 33 ఉంది. 34 దగ్గర పొడవు 98. ఎత్తు గడి ఖాళీ.

హాయిగా అనిపించలేదు, కోపమొచ్చింది. ఇన్ని రోజులు నా బుర్ర రెండు కొసల్నీ ముడేసి నన్ను ఉరితీసింది. మధ్యలో మూడు స్లాబులు ఉన్నాయి. ఒక్కటి చెప్పాలి, ఆ బరువంతా పోయిందని అబద్ధం రాయను. ఒక్క పక్కే తీస్తున్నారని ఆ రోజు నేనూ చూశాను, నోరు తెరవలేదు. అదింకా ఉంది. ఉండాల్సిందేనేమో.

తర్వాత ఫ్యాక్టరీ వంతు. ముందు గేటు ఎదురుగా టీ అంగడి దగ్గర, భయం సగానికి తగ్గేదాకా కదలకుండా కూర్చోవాలి. మొదటిరోజు నలభై నిమిషాలు పట్టింది, నాలుగు టీలు. ఏప్రిల్ 20, ఆదివారం, ఎవరూ లేనప్పుడు స్టాండు దగ్గరికి పోయి ఇనుము మీద చెయ్యి పెట్టాను. ఆ ఎండకు కాలింది. అబ్బా అని చెయ్యి లాక్కుని, నవ్వొచ్చి, అక్కడే నిలబడ్డాను. మే 7 నాటికి భయం ఇరవైకి దిగింది.

మధ్యలో బాగానే ఉంది కదా అని చెప్పకుండా మాత్రలు ఆపేశాను. మూడో రోజుకు తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం. అయిదో రోజు మళ్లీ మొదలెట్టాను. తిట్లు తిన్నాను. ఇప్పటికీ 50 నడుస్తోంది, ఎప్పుడు తగ్గించాలో వాళ్లే చెప్తారట.

పరిహారం సంగతి కూడా రెండు ముక్కలు, చాలామంది అక్కడే మోసపోతారు. పెద్దమనుషులు కూర్చుని అయిదు లక్షలకు తెగ్గొట్టాలని చూశారు. ఆయనకు ఈఎస్‌ఐ లేదు. కాబట్టి అప్పుడు అమల్లో ఉన్న ఉద్యోగుల పరిహార చట్టం లెక్క. అప్పటి సీలింగు ప్రకారం నెలకు 15,000 జీతం పట్టుకుని, అందులో సగాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణించేవారు. 45 ఏళ్లకు ఆ అంకె 169.44. అంటే 12,70,800. ఆ చట్టం కింద మరణం కేసుల్లో డబ్బు చేతికి ఇవ్వడం కుదిరేది కాదు, లేబర్ ఆఫీసులో కమిషనర్ దగ్గర జమ చేయాల్సి ఉండేది. బ్యాంకు పాస్‌బుక్కులో ఏటా 20 రూపాయలు కోత కనపడితే అదీ చూడండి. అది ప్రమాద బీమా, మామకు ఉంది, అత్తకు రెండు లక్షలు వచ్చాయి. మిగతా కేసు ఇది రాస్తున్న 2025 ఆగస్టులో ఇంకా నడుస్తోంది. అందులో సాక్షిని నేనే. ఏ పక్క తీశారో, మామ ఏ పక్క నిలబడ్డాడో, నేనేమన్నానో అంతా చెప్పాను. ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు నేను లేను. జూన్ నుంచి వేరేచోట, మళ్లీ పుస్తకం పట్టుకునే పనే. మొదటిరోజే స్టాండు రెండు పక్కలా తీయమని గొడవ పెట్టుకున్నాను.

మే 11, ఆదివారం, బాక్సు ఇవ్వడానికి మామ ఇంటికి పోయాను. ఖాళీగా ఇవ్వకూడదు కాబట్టి మా ఆవిడ ఓళిగలు పెట్టింది, ఉగాది దాటి నెలన్నరయినా. అత్త గుమ్మంలోనే "ఇన్ని దినాలకు దోవ తెలిసిందా అల్లుడా" అంది. కూర్చున్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "నువ్వే గదా దగ్గరున్నింది. చివరికి ఏమన్నా అన్నాడా?"

దారంతా ఆ ప్రశ్న గురించే భయపడుతూ వచ్చాను. ఏదన్నా మంచి మాట కల్పించి చెప్పాలా అని కూడా అనుకున్నాను.

"తొంభై ఎనిమిది అన్నాడు అత్తా. ఎత్తు చెప్పలేదు."

నా వైపు చూసింది. అర్థమయ్యేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో మొదట తెలియలేదు. "ఇంట్లో గూడా అంతే గదరా. పాపకు లంగా గుడ్డ తెస్తే టేపు పెట్టి కొలిచి, అంగుళం తక్కువిచ్చినాడని అంగడికి పోయి కొట్లాడొచ్చినాడు."

లేచి బాక్సు లోపలికి తీసుకుపోయింది. ఓళిగలు పళ్లెంలోకి తీసి, బాక్సు కడిగి, నాకివ్వకుండా అరలో బోర్లించింది.